డిశ్చార్జ్ అయ్యాక ఏమైంది?

(ఒక ఆదివారం సాయంత్రం మా ఊరి గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. ఫోన్‌లో రికార్డు చేసింది విని రాసుకున్న పాఠం ఇది. చివర సభికులు అడిగిన ప్రశ్నల్లో మూడు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినపడుతోందా అండీ? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, మైకులో గాలి చప్పుడు వస్తోంది.

హెడ్మాస్టారు గారు నన్ను పరిచయం చేస్తూ "ఇంగ్లండులో గుండె డాక్టరమ్మ" అన్నారు. ముందు ఆ మాట సరిచేయాలి. నేను డాక్టర్ని కాను. మా అమ్మ కూడా పెళ్లిళ్లలో అందరికీ అలాగే చెప్పేస్తుంది. వద్దని చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చి ఊరుకున్నాను. (నవ్వులు) నేను లెక్కలు రాసే మనిషిని. ఉత్తర ఇంగ్లండులో గుండె ఆపరేషన్లు చేసే ఒక ఆస్పత్రిలో 19 ఏళ్లుగా డేటా మేనేజర్ని. అక్కడ ఆపరేషన్ అయిన ప్రతి మనిషికీ ఒక ఫారం ఉంటుంది. అది నిండిందో లేదో చూడటం, నిండకపోతే సర్జన్ వెంట పడటం, నింపినదాంట్లో తేడా ఉంటే పట్టుకోవడం, అంతా సరిపోయాక జాతీయ రిజిస్ట్రీకి పంపడం నా పని. రైస్ మిల్లులో గుమాస్తా ఉంటాడు చూడండి, ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎన్ని వెళ్లాయి అని. అదే పని. కాకపోతే ఇక్కడ లెక్క మనుషులది.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలంటే మా మేనమామ సంగతి చెప్పాలి.

మామయ్యకి చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చింది. దాంతో గుండెలో మైట్రల్ వాల్వ్ పాడైంది. 48వ ఏట వాల్వ్ మార్చారు. మెకానికల్ వాల్వ్. రాత్రిళ్లు పక్కన కూర్చుంటే టిక్ టిక్‌మని వినపడేది. "నా గుండెల్లో గోడగడియారం పెట్టార్రా" అని పిల్లల్ని హడలగొట్టేవాడు. ఆ వాల్వ్ పెట్టుకున్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. మాత్ర మోతాదు సరిపోతోందో లేదో తెలియాలంటే పీటీ ఐఎన్ఆర్ పరీక్ష ఎప్పటికప్పుడు చేయించుకోవాలి. ఆ పరీక్షకి మా వాళ్ల ఊరి నుంచి రెండు బస్సులు మారాలి. కోతల రోజుల్లో రెండు నెలలు వెళ్లలేదు. ఆపరేషన్ అయిన ఎనిమిదో నెలలో, ఒక తెల్లవారుజామున పాలు పితకడానికి లేచి, మాట పడిపోయి, గొడ్ల పాక దగ్గరే కూలిపోయాడు. మూడో రోజు పోయాడు. మెదడులోకి గడ్డ వెళ్లిందన్నారు.

కర్మలన్నీ అయ్యాక నేను ఆ ఆస్పత్రికి ఫోన్ చేశాను. ఏ ఆస్పత్రో చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. నాకు తగాదా ఏమీ లేదమ్మా, ఆయన చనిపోయినట్టు మీ రికార్డులో రాసుకోండి అన్నాను. ఆ అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, "ఆపరేషన్ సక్సెస్, స్టేబుల్‌గా డిశ్చార్జ్, తర్వాత రివ్యూకి రాలేదు అని ఉంది మేడం" అంది. రాలేదంటే పోయాడు కాబట్టే రాలేదు తల్లీ అన్నాను. కాసేపు ఆగి, పాపం, "దానికి ఇందులో కాలమ్ లేదు మేడం" అంది.

సర్జన్ ఆపరేషన్ బాగా చేశాడు. నేను కేస్ షీట్ చదివాను, వంక పెట్టడానికి లేదు. కానీ ఆ చావు ఎవరి లెక్కలోకీ రాలేదు. ఆస్పత్రికి గేటు దాకానే తెలుసు. ఆ తర్వాతది బస్సులకి తెలుసు, కోతలకి తెలుసు, మా అత్తకి తెలుసు. గేటు బయట ఏమైందో కూడా చూసి రాసే పుస్తకాన్నే రిజిస్ట్రీ అంటారు. ఇవాళ దాని గురించే చెబుతాను.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో, బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ ఉండేవాడు. ప్రతి రోగినీ ఏడాది తర్వాత మళ్లీ చూడాలి, బాగైందా లేదా, బాగవకపోతే తప్పెక్కడ జరిగిందో రాయాలి అనేవాడు. ఎవరూ వినకపోతే 1911లో సొంతంగా చిన్న ఆస్పత్రి పెట్టుకున్నాడు. ఐదేళ్లలో 337 మందిని ఇంటికి పంపి, తమ వల్ల జరిగిన పొరపాట్లు 123 అని తానే అచ్చు వేయించాడు. ఊళ్లో డబ్బున్న జనాన్ని, ఇసుకలో తల దూర్చి పెద్ద డాక్టర్లకి బంగారు గుడ్లు పెట్టే నిప్పుకోడిగా కార్టూన్ వేయించి నిండు సభలో చూపించాడు. ఇంకేముంది, అక్కడి వైద్యుల సంఘంలో ఆయనకున్న అధ్యక్ష పదవి ఊడింది. (నవ్వులు) మనిషి కొంచెం తిక్క మనిషే అనుకోండి. 1940లో పోతే సమాధి మీద పేరు రాయి కూడా చాలా ఏళ్లు లేదు.

ఇక గుండె ఆపరేషన్ల లెక్క దగ్గరికి వస్తే, మా వాళ్లందరూ బ్రిస్టల్ పేరు చెబుతారు. అది ఇంగ్లండుకి పడమర వైపున్న రేవు పట్నం. అక్కడి బ్రిస్టల్ రాయల్ ఇన్‌ఫర్మరీలో చంటి పిల్లలకి గుండె ఆపరేషన్లు చేసేవారు. 1988లో స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టర్ అక్కడ చేరాడు. మత్తు డాక్టర్ అంటే ఆపరేషన్ మొదలైనప్పటి నుంచి ఆఖరి కుట్టు దాకా బల్ల దగ్గరే ఉండే మనిషి. ఆయనకి రెండు కనిపించాయి. తాను పని నేర్చుకున్న చోటుతో పోలిస్తే ఇక్కడ ఆపరేషన్లు మరీ ఎక్కువసేపు పడుతున్నాయి. పిల్లలు కూడా ఎక్కువమంది పోతున్నారు. 1990లోనే పైవాళ్లకి ఉత్తరం రాశాడు. లాభం లేకపోయింది. అప్పుడు తనే ఒక లెక్క రాయడం మొదలుపెట్టాడు. ఏ ఆపరేషన్, ఎంతమంది, ఎంతమంది మిగిలారు.

ఐదేళ్లు అలాగే నడిచింది. 1995 జనవరిలో 18 నెలల బాబుకి ఆపరేషన్ పెట్టుకున్నారు. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు అటుది ఇటు, ఇటుది అటు తారుమారై పుడతారు కొందరు పిల్లలు. వాటిని కోసి సరైన చోట మళ్లీ కుట్టాలి. దాన్ని స్విచ్ ఆపరేషన్ అంటారు. ముందురోజు రాత్రి డాక్టర్లంతా కూర్చుని మాట్లాడుకున్నారు. బోల్సిన్ వద్దన్నాడు. మిగతావాళ్లు కానిద్దాం అన్నారు. తెల్లారి ఆపరేషన్ చేశారు, బాబు దక్కలేదు.

తర్వాత వైద్య మండలి విచారణ, 1998లో శిక్షలు, ఆ పైన ఇయాన్ కెన్నెడీ అధ్యక్షతన పెద్ద ప్రభుత్వ విచారణ. 2001 జులైలో నివేదిక వచ్చింది. 1991 నుంచి 1995 దాకా అక్కడ ఆపరేషన్ అయిన ఏడాది లోపు పిల్లల్లో, మామూలు ఆస్పత్రిలో అయితే పోయేవాళ్లకన్నా 30 నుంచి 35 మంది ఎక్కువ పోయారని తేలింది.

ఇక్కడ నాకు ఎప్పుడూ మింగుడుపడని సంగతి ఒకటుంది. బ్రిస్టల్‌లో లెక్కలు లేక ఇదంతా జరగలేదు. లెక్కలు బోలెడు ఉన్నాయి. ఆ నివేదికే ఆ మాట అంటుంది. బ్రిటన్ సర్జన్ల సంఘం వాళ్లు 1977 నుంచీ దేశమంతటా ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని చావులు అని పుస్తకం నడుపుతున్నారు. బ్రిస్టల్ వాళ్లూ అంకెలు పంపేవారు. కానీ ఏ అంకె ఏ ఆస్పత్రిదో బయటికి తెలియకుండా పేర్లు తీసేసేవారు. ఇది ఎక్కువగా ఉందే అని అడగాల్సిన బాధ్యత ఎవరి మీదా పెట్టలేదు. పరీక్ష పేపర్లన్నీ దిద్ది, మార్కులు వేసి, పేర్లు చింపేసి బీరువాలో పెట్టి తాళం వేసినట్టన్నమాట. హెడ్మాస్టారు గారు నవ్వుతున్నారు.

ఇప్పుడు దీని పక్కన ఇంకో సంగతి పెట్టండి. అదే దేశం, అదే కాలం, అదే స్విచ్ ఆపరేషన్. లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రిలో మార్క్ డి లెవాల్ అని పేరుమోసిన సర్జన్. అప్పుడే పుట్టిన పిల్లలకి ఈ ఆపరేషన్ మొదటి 52 మందికి చేస్తే పోయింది ఒక్కరే. చాలా గొప్ప లెక్క. తర్వాత 16 మందిలో ఏడుగురు పోయారు. చెయ్యి అదే, గది అదే. మనమైతే ఏమంటాం? గ్రహచారం అంటాం, కేసులు కష్టమైనవి వచ్చాయంటాం. ఆయన కూర్చుని, తన ఆపరేషన్లన్నీ వరసలో పెట్టి గీత గీసి చూసుకున్నాడు. బిడ్డ బతికితే గీత కొంచెం కిందికి, పోతే బాగా పైకి. ఊరికే దురదృష్టమైతే గీత పైకి లేచినా మళ్లీ దిగుతుంది. ఆయనది దిగలేదు. వేరే ఊళ్లో ఈ ఆపరేషన్ బాగా చేస్తున్న సర్జన్ దగ్గరికి వెళ్లి, అంత పేరున్నవాడు, మళ్లీ నేర్చుకుని వచ్చాడు. మొత్తం 104 ఆపరేషన్ల లెక్కా, తన వరస చావులతో సహా, 1994లో వైద్య పత్రికలో వేశాడు.

ఆ వ్యాసం నేను మా కొత్త ఉద్యోగులందరితో చదివిస్తాను. ఇద్దరు సర్జన్లలో ఒకరు మంచివారు, ఒకరు చెడ్డవారు అని కాదు. ఒకచోట లెక్క ఆపరేషన్ చేసేవాడి కళ్ల ముందు ఉంది, ఇంకోచోట బీరువాలో ఉంది. తేడా అక్కడుంది.

బ్రిస్టల్ తర్వాత ప్రభుత్వం కళ్లు తెరిచింది. పిల్లల గుండె ఆపరేషన్లు చేసే 13 కేంద్రాలూ ఒకే చోటికి వివరాలు పంపాలన్నారు. 2000 ఏప్రిల్ నుంచి 2001 మార్చి దాకా ఒక్క ఏడాదిలో 3,666 ఆపరేషన్లు, తొడ దగ్గర నుంచి గొట్టం పంపి చేసే చికిత్సలు ఇంకో 1,828. ఆస్పత్రులు మాకు ఇంతమంది పోయారు అని తమ లెక్క పంపాయి. రిజిస్ట్రీ వాళ్లు ఏం చేశారంటే, ప్రతి బిడ్డ నంబరునూ దేశం మొత్తం మరణాల రిజిస్టర్‌తో కలిపి చూశారు. అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ ఎన్‌హెచ్‌ఎస్, అంటే ప్రభుత్వ వైద్య సేవ, ఇచ్చే పది అంకెల నంబరు ఉంటుంది, చచ్చేదాకా అదే నంబరు. కలిపి చూస్తే నెల రోజుల లోపు పోయిన పిల్లలు 194 మంది తేలారు. అందులో 42 మంది ఆస్పత్రులు పంపిన లెక్కలో లేరు.

ప్రతి ఐదుగురిలో ఒకరి కన్నా ఎక్కువే. దాచారని నేననను. బిడ్డని వాళ్ల ఊరి ఆస్పత్రికి పంపించి ఉంటారు, అక్కడ పోయి ఉంటుంది. లేదా ఇంట్లో పోయి ఉంటుంది. పెద్దాస్పత్రి వాళ్లకి కబురు లేదు. వాళ్ల పుస్తకంలో ఆ బిడ్డ క్షేమంగా ఇంటికి వెళ్లినట్టే. మా మామయ్యలాగే. నెల దాటాక ఏడాది లోపు పోయినవాళ్లు ఇంకో 275 మంది. అంటే మొదటి నెలలోకన్నా తర్వాతే ఎక్కువ.

ఇక నా ఫారం దగ్గరికొస్తాను. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, నా వృత్తి కదా, మాట్లాడకుండా ఉండలేను.

ఒక సర్జన్ దగ్గర 100 మందికి ఇద్దరు పోయారు, ఇంకొకాయన దగ్గర ఐదుగురు పోయారు. ఎవరు మంచి సర్జన్? చెప్పలేం. మొదటాయన 55 ఏళ్లవాళ్లకి, గుండె పంపింగ్ బాగున్నవాళ్లకి, తేదీ చూసుకుని తీరిగ్గా చేసి ఉండొచ్చు. రెండో ఆయన దగ్గరికి 80 ఏళ్లవాళ్లు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు, అర్ధరాత్రి అంబులెన్సులో దిగినవాళ్లు వచ్చి ఉండొచ్చు. అందుకే యూరోస్కోర్ అని ఒక పద్ధతి ఉంది. మొదటిది 1999లో వచ్చింది. ఇప్పుడు వాడే రెండోది 2010లో 43 దేశాల్లో 154 ఆస్పత్రుల్లో ఆపరేషన్ అయిన 22 వేల పైచిలుకు రోగుల వివరాలతో కట్టింది. వయసు, ఆడా మగా, కిడ్నీ పనితీరు, ఊపిరితిత్తులు, షుగర్‌కి ఇన్సులిన్ వాడుతున్నారా, ఇంతకుముందు గుండె ఆపరేషన్ అయిందా, పంపింగ్ ఎంత, ఎంత తొందర కేసు, ఇలా 18 సంగతులు నింపితే ఈ మనిషికి రిస్కు ఇంత అని వస్తుంది. కుదురైన బైపాస్ కేసుకి ఒక శాతం లోపు కూడా వస్తుంది, అన్నీ కలిసొచ్చిన కేసుకి 20 దాటుతుంది. కలిసొచ్చిన అంటే దరిద్రం కలిసొచ్చిన. (నవ్వులు) సర్జన్ చేసిన కేసులన్నిటి రిస్కూ కూడితే ఇంతమంది పోవచ్చు అని ఒక అంచనా వస్తుంది. నిజంగా పోయినవాళ్లని దాని పక్కన పెట్టి చూడాలి.

ఒక పెద్ద సర్జన్ ఉండేవాడు మా దగ్గర. బంగారం లాంటి చెయ్యి. ఫారం మాత్రం ముట్టుకునేవాడు కాదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ గడి ఖాళీ, ఊపిరితిత్తుల గడి ఖాళీ. గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ఆ జబ్బు లేదనుకుంటుంది. నేను వెళ్లి అడిగితే "నాకు గుమాస్తా పని చెప్పకమ్మా" అనేవాడు. రెండేళ్లు బతిమాలాను. ఆఖరికి ఏడాది లెక్క ముద్రించి ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. ఖాళీ గడుల వల్ల ఆయన రోగులంతా కాగితం మీద పహిల్వాన్లలా ఉన్నారు, చావులు మాత్రం నిజమైనవి ఉన్నాయి. అందరిలోకీ ఆయనే చివర. ఆ సోమవారం పొద్దున నేను కోటు విప్పకముందే కేస్ షీట్ల కట్ట పట్టుకుని మా గది గుమ్మంలో నించున్నాడు. అన్నీ నింపాక ఆయన మొదటి ముగ్గురిలో తేలాడు. అప్పటి నుంచి ఫారం ఎవరికీ ఇవ్వడు, తనే నింపుతాడు.

రెండో వైపు కూడా చెప్పాలి. గడులు నింపితే మంచి పేరొస్తుందని తెలిశాక లేని జబ్బులు కూడా నింపుతారు. న్యూయార్క్ రాష్ట్రంలో 1989 నుంచి బైపాస్ లెక్కలు తీశారు. న్యూస్‌డే పత్రిక కోర్టుకెళ్లి 1991లో సర్జన్ల పేర్లతో సహా బయటపెట్టించింది. ఆ రెండేళ్లలోనే ఫారాల్లో ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు రెండింతలు దాటారు. న్యూయార్క్ గాలి రెండేళ్లలో అంత పాడైందా? కొంత నిజంగానే ఇదివరకు రాయనిది రాశారు, కొంత పెంచి రాశారు. అందుకే నేను కొన్ని ఫారాలు తీసి, అసలు కేస్ షీట్‌తో పోల్చి చూస్తాను. ఈ పని వల్ల నాకు టీ గదిలో స్నేహితులు తక్కువ.

కానీ అదే న్యూయార్క్‌లో రిస్కు లెక్కగట్టి సరిచేసిన మరణాల శాతం 1989లో 4.17 ఉన్నది 1992కి 2.45కి దిగింది. ఎలా దిగిందో ఒక్క ఆస్పత్రి చూస్తే చాలు. ఆల్బనీలో సెయింట్ పీటర్స్ ఆస్పత్రి. లెక్కలో వెనకబడ్డారు. వాళ్లు సర్జన్‌ని మార్చలేదు. కూర్చుని లెక్క విడగొట్టి చూసుకున్నారు. మామూలు కేసులన్నీ బాగానే ఉన్నాయి. అత్యవసరంగా చేసినవాటిలోనే చావులు. 1992లో అలాంటివాళ్లు 42 మంది, పోయింది 11 మంది. రోగి రాగానే హడావుడిగా బల్ల ఎక్కిస్తున్నాం, బీపీ నిలబడకముందే కోస్తున్నాం అని అర్థమైంది. ముందు మనిషిని కుదుటపరిచి, తర్వాత ఆపరేషన్ చేయడం మొదలుపెట్టారు. 1993లో 54 మంది వచ్చారు. ఒక్కరూ పోలేదు. తొందర మంచిదే అనుకుంటాం కదా అందరం. లెక్క విడగొట్టకపోతే అది ఎవరికి తెలిసేది?

లెక్క తొందరపడితే ఏమవుతుందో కూడా చూశాం. 2013 మార్చిలో లీడ్స్ ఆస్పత్రిలో పిల్లల గుండె ఆపరేషన్లు రాత్రికి రాత్రి ఆపేశారు, మరణాలు ఎక్కువున్నాయని. తీరా చూస్తే ఆస్పత్రి పంపిన వివరాలు అసంపూర్తి. పది పదిహేను రోజుల్లో మళ్లీ తెరిచారు. ఆ రోజుల్లో లీడ్స్‌లో మంచం మీద బిడ్డతో ఉన్న తల్లిదండ్రుల టెన్షన్ ఊహించుకోండి. కిలోన్నర బిడ్డకి రిస్కు వేరు, నాలుగు కిలోల బిడ్డకి వేరు. ఒక నర్సు ఒక రాత్రి బరువు రాయడం మర్చిపోతే అది ఎక్కడికి పోయి తగులుతుందో చూడండి.

స్వీడన్ గురించి రెండు మాటలు. వాళ్లకి 1947 నుంచీ ప్రతి మనిషికీ నంబరు ఉంది. గుండె జబ్బుల రిజిస్టర్లు నాలుగింటిని కలిపి 2009లో స్వీడ్‌హార్ట్ అని ఒకటి చేశారు. అందులోంచి 50 నుంచి 69 ఏళ్ల మధ్య అయోర్టిక్ వాల్వ్ మార్చుకున్న 4,545 మందిని తీసి చూశారు. మెకానికల్ వాల్వ్ మంచిదా, జంతు కణజాలంతో చేసినది మంచిదా అని. 15 ఏళ్లకి మెకానికల్ పెట్టుకున్నవాళ్లలో 59 శాతం బతికున్నారు, రెండోదాంట్లో 50 శాతం. రక్తస్రావాలు మాత్రం మెకానికల్‌లో ఎక్కువ.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా మామయ్యది మైట్రల్, అది వేరే వాల్వ్, నిజమే. కానీ స్వీడన్‌లో ఆ మాత్ర వేసుకునేవాళ్లకి పరీక్ష ఎంత దగ్గర, మా వాళ్ల ఊరికి ఎంత దూరం? స్వీడన్‌లో 59 శాతం అంటే అది స్వీడన్ బస్సులతో, స్వీడన్ ల్యాబులతో కలిపి 59. ఆ అంకె తెచ్చి రేపల్లె పక్క పల్లెలో మనిషికి చెప్పడానికి లేదు. ఐఎన్ఆర్ పరీక్షకి రెండు బస్సులు మారే మనిషికి ఏ వాల్వ్ మంచిది అన్న ప్రశ్నకి జవాబు స్వీడన్ రిజిస్ట్రీలో దొరకదు. మన పుస్తకం మనం రాసుకుంటేనే దొరుకుతుంది.

మన దగ్గర వివరాలు లేవా అంటే, ఉన్నాయి. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆపరేషన్‌కి ముందు అనుమతి కావాలి, రిపోర్టులు పంపాలి, ఫొటో పెట్టాలి. అయ్యాక మళ్లీ పంపాలి. నేను ఇంగ్లండులో సర్జన్ల కాళ్లావేళ్లా పడి సంపాదించే వివరాల్లో చాలా భాగం ఇక్కడ డబ్బులు రావాలంటే పంపక తప్పదు. కాకపోతే అది బిల్లు కోసం కట్టిన లెక్క. బిల్లు అయిపోతే ఫైలు అయిపోతుంది. ఇప్పుడు మనిషి ఆరోగ్య వివరాల కోసం 14 అంకెల ఆభా నంబరు ఒకటి వచ్చింది. మీలో చాలామంది తీసుకునే ఉంటారు. ఆ నంబరు ఆపరేషన్ రికార్డులోనూ ఉండి, పంచాయతీలో మరణం నమోదు చేసేటప్పుడూ ఉంటే, రెండింటినీ కలపడం కంప్యూటర్‌కి ఒక పూట పని. కష్టం కంప్యూటర్‌ది కాదు. దహనం అయ్యాక సర్టిఫికెట్ కోసం వెళ్లిన కొడుకుని సెక్రటరీ ఆ నంబరు అడగాలి, అది కొడుకు దగ్గర ఉండాలి. మా అత్తని అడిగితే "ఆయన కార్డులన్నీ గూట్లో ఉన్నాయి" అంది. గూట్లో రేషన్ కార్డు ఉంది, పాస్ పుస్తకం ఉంది, డిశ్చార్జ్ కాగితాలు పాలిథిన్ కవర్లో ఉన్నాయి. వాల్వ్ కంపెనీ ఇచ్చిన కార్డు కూడా ఉంది, సీరియల్ నంబరుతో సహా.

నా మాటలు ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(రిటైర్డ్ ఉద్యోగి ఒకరు: "ఇన్ని వివరాలు ఒకచోట పెడితే మా జబ్బుల సంగతి ఊరందరికీ తెలిసిపోదా అమ్మా?")

మంచి ప్రశ్న అండీ. భయపడాల్సిందే. మా దగ్గర నంబరు రెండు పుస్తకాలని కలపడానికి మాత్రమే వాడతారు. పరిశోధన చేసేవాళ్ల చేతికి వెళ్లేటప్పుడు పేరు, నంబరు తీసేస్తారు. నేను పనిలేకుండా ఎవరి రికార్డైనా తెరిస్తే, తెరిచినట్టు కంప్యూటర్‌లో పడుతుంది, నా ఉద్యోగం పోతుంది. ఆ కట్టుబాటు లేకుండా రిజిస్ట్రీ పెడతామంటే నేనే వద్దంటాను.

(మెడికల్ విద్యార్థిని: "మేడం, పేర్లు బయటపెడితే సర్జన్లు కష్టమైన కేసులు తీసుకోరు కదా?")

నీ భయం నిజమేనమ్మా, కొందరు అలా చేశామని ఒప్పుకున్నారు కూడా. బ్రిటన్‌లో సమాచార హక్కు చట్టం 2005లో అమల్లోకి రాగానే గార్డియన్ పత్రిక సర్జన్ల లెక్కలు అడిగి తీసుకుని వేసింది. అందరూ నువ్వన్నట్టే అనుకున్నారు. వాయవ్య ఇంగ్లండులో 1997 నుంచి 2005 దాకా బైపాస్ అయిన 25,730 మంది లెక్క తీశారు. మరణాలు 2.4 శాతం నుంచి 1.8కి తగ్గాయి. అదే కాలంలో రోగుల రిస్కు అంచనా 3 నుంచి 3.5కి పెరిగింది. అంటే కష్టమైనవాళ్లని మొత్తం మీద తిప్పి పంపలేదు. కానీ ఇది సగటు లెక్క. ఫలానా సర్జన్ ఫలానా మంగళవారం ఎవరికి కాదన్నాడో ఇందులో ఉండదు. బల్ల ఎక్కనివాళ్లకి ఫారం ఉండదు కదా. రేపు నువ్వు సర్జన్‌వి అయితే, కాదన్నవాళ్ల పేర్లు కూడా రాసుకో.

(ఒక పెద్దాయన: "మా ఆవిడకి వచ్చే వారం బైపాస్ అండీ. రిజిస్ట్రీలు వచ్చేదాకా ఆగలేం. వెళ్లి ఏం అడగాలో చెప్పండి.")

దేవుడి దయ వల్ల బాగా జరుగుతుంది బాబాయి గారూ. ఈ ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు అని అడగండి. ఇలాంటి వయసు, ఇలాంటి షుగర్ ఉన్నవాళ్లలో ఎంతమంది నెల తర్వాత బాగున్నారు అని అడగండి. విసుక్కోకుండా చెప్పేవాళ్లయితే సగం ధైర్యం. డిశ్చార్జ్ రోజు కాగితంలో మందుల పేర్లు, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ చూసుకోండి. ఇంకొకటి, అడ్మిషన్ కౌంటర్లో ఫోన్ నంబరు అడుగుతారు. మీదొక్కటే ఇవ్వకండి, మీ అబ్బాయిదీ రాయించండి. పక్కింటివాళ్లదైనా సరే, ఇంకొకటి రాయించండి. గడి ఒకటే ఉంది అంటారు. పక్కన ఖాళీలో రాయమనండి.